ఆరుగురిలో మిగిలిన నీబూర్

బెజవాడ ఎండకు జడిసి ఇంటిపట్టున ఉన్న ఈ వేసవిలో నన్ను విడవకుండా చదివించినవి కార్‌స్టెన్ నీబూర్ ప్రయాణ రచనలు. నేటి ఉత్తర జర్మనీలోని ఒక రైతు కుటుంబంలో 1733లో పుట్టిన ఈయన, డెన్మార్క్ రాజు అరేబియాకు పంపిన ఆరుగురి బృందంలో సర్వే పనికి కుదిరి, 1761లో బయలుదేరారు. ఇద్దరు యెమెన్‌లోనే మరణించారు. మరో ఇద్దరు బొంబాయికి వచ్చే ఓడలో పోయారు. చివరికి బొంబాయిలో బృందపు వైద్యుడే కన్నుమూశాడు.

స్థానికుల దుస్తులనూ ఆహారాన్నీ అలవరచుకున్న నీబూర్ ఒంటరిగానే ముందుకు సాగి, 1765లో పర్షియా (నేటి ఇరాన్) ప్రాచీన రాజధాని పెర్సెపోలిస్‌లోని శాసనాలను, వాటిలో ఒక్క అక్షరమూ తనకు అర్థం కాకపోయినా, మూడు రకాల లిపులున్నాయని గుర్తించి మరీ శ్రద్ధగా నకలు చేసుకున్నారు. ఆ నకళ్ల ఆధారంగానే 1802లో జర్మన్ పండితుడు గ్రోటెఫెండ్ ప్రాచీన పర్షియన్ లిపిని కొంతవరకు ఛేదించగలిగారు. అమరావతి శాసనాలను ఎరిగిన మన గుంటూరు వైపు వారికి ఈ చాకిరీ విలువ వేరే చెప్పాలా!

ఆయన రాతలో సాహసాల గొప్పలు లేవు; దూరాలు, అక్షాంశాలు, ఊళ్ల పటాలు ఉన్నాయి. ఆ పొడితనమే నాకు నచ్చింది. యెమెన్‌లో మరణించిన సహచరుడు ఫోర్స్‌కాల్ వృక్షశాస్త్ర గ్రంథాన్ని 1775లో పరిష్కరించి అచ్చు వేయించిందీ ఆయనే.