నాన్నగారి షాపు వాసన

"పొగ వస్తోంది, చెయ్యి తియ్యి!" అని అరిచాను. మావాడు రేసుకారు టైరును గీకుతున్న గ్రైండరు ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకొని, "నీకెలా తెలుసు నాన్నా?" అని అడిగాడు. పదిహేనేళ్లుగా వాడికి చెప్పకుండా దాటవేసిన సంగతిని ఆ పూట ఇండియానాలోని మా గ్యారేజీలో నిలబడి చెప్పవలసి వచ్చింది.

వాడు మట్టి ట్రాక్ మీద మైక్రో స్ప్రింట్ నడుపుతాడు. 600 సీసీ మోటార్‌సైకిల్ ఇంజనుతో పరుగెత్తే చిన్న రేసుకారు అది. రేసులో వేడెక్కి చల్లారిన టైరు పైపొర గట్టిపడి నున్నగా మెరుస్తుంది. ఆ పొరను గీకి లోపలి మెత్తని రబ్బరును పైకి తెస్తే తప్ప మట్టిమీద పట్టు రాదు. టైరును చేత్తో తిప్పుకుంటూ గీకితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పోతుంది. ఎప్పుడూ ఎడమకే తిరిగే ట్రాక్ కనుక కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమదానికంటే కాస్త ఎక్కువ ఉండేలా చూసుకుంటారు. ఇష్టం వచ్చినట్టు గీకితే ఆ లెక్క కూడా చెడుతుంది. అందుకే టైరును నిదానంగా, ఒకే వేగంతో తిప్పే మోటారు స్టాండు కావాలి. కొనిస్తానన్నాను. వాడు ససేమిరా అన్నాడు. "మనమే చేద్దాం" అని పట్టుబట్టాడు.

మొదట పాత వాషింగ్ మెషీన్ మోటారు పెట్టాం. నిమిషానికి 1,725 చుట్లు తిరిగే ఆ మోటారుకు పుల్లీలు వేసి తగ్గించినా వేగం మా అదుపులోకి రాలేదు. టైరు గాడిలో ఇరుక్కున్న గులకరాయి ఒకటి ఎగిరి గోడకు తగిలిన రోజు దాన్ని విప్పేశాను. తర్వాత కారు వైపర్ మోటారు తెచ్చాం. లోపల వేగాన్ని తగ్గించే మరలాంటి వర్మ్ గేరు ఉండడం వల్ల అది నిమిషానికి 50, 60 చుట్ల దగ్గరే నిలుస్తుంది, గ్రైండరు ఎంత లాగినా చక్రం ముందుకు దూకదు. ఇనుప యాంగిల్ ముక్కలతో చట్రం, పాత ట్రెయిలర్ హబ్బు, కారు బ్యాటరీ: స్టాండంతా ఇంతే. మోటారుకు, హబ్బుకు మధ్య కుదురు తేవడానికే మాకు మూడు ఆదివారాలు పట్టింది.

ఇక వాడి ప్రశ్నకు జవాబు. నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ టైర్ల రీట్రేడింగ్ షాపు, అంటే అరిగిన టైర్లకు కొత్త రబ్బరు పొర (ట్రెడ్) అతికించే షాపు, ఉండేది. అరిగిన టైరును యంత్రానికి బిగించి, తిప్పుతూ, ముళ్ల చక్రంతో పాత రబ్బరును గీకేవారు. దాన్ని బఫింగ్ అంటారు. అక్కడ రబ్బరు కాలిందంటే కొత్త ట్రెడ్ అతుక్కొని నిలవదు, కనుక పొగ కనబడగానే చెయ్యి తీయాలి. రాత్రి నాన్నగారు ఎంత రుద్ది స్నానం చేసినా చెవుల మడతల్లో నల్లటి పొడి సన్నని గీతలా మిగిలే ఉండేది. నన్ను షాపు గడప తొక్కనిచ్చేవారు కాదు. "ఈ మసి నాతోనే పోవాలి, నువ్వు చదువుకో" అనేవారు. బడి ఎగ్గొట్టి, దొంగచాటుగా వెళ్లి చూసేవాణ్ణి. చదువుకున్నాను, ఇక్కడికి వచ్చాను. ఎవరడిగినా "నాన్నగారు వ్యాపారం చేసేవారు" అని ఊరుకున్నాను. మావాడు చిన్నప్పుడు బడిలో వంశవృక్షం గీయడానికి అడిగినా అదే మాట చెప్పాను. అందులో అబద్ధం లేదు, కానీ దాచిపెట్టడం ఉంది.

పిల్లలకు మన మూలాలు చెప్పాలని తోటి తల్లిదండ్రులకు చెబుతూ వచ్చినవాణ్ణి నేను. తెలుగు తరగతి మానితే రేసు లేదని వాడికి గట్టిగా చెప్పిందీ నేనే, ఆ మూడు ఆదివారాలూ తరగతి మాన్పించిందీ నేనే. ఏళ్ల తరబడి తరగతిలో కూర్చున్నా నోరు విప్పని వాడు, ఆ సాయంత్రం వీడియో కాల్‌లో "తాతయ్యా, ఇంకా గీకాలా? చాలా?" అని తడుముకోకుండా అడిగాడు. అది విని నా మనసు నిండిపోయింది. అయినా అది భాషమీది ప్రేమో, టైరుమీది ప్రేమో నాకు తేలలేదు.

నాన్నగారు ఫోన్‌ను టైరు దగ్గరికి తెమ్మని, గరుకు గీతలను చాలాసేపు చూశారు. "ఒక్కచోట ఆపకు బాబూ, చెయ్యి ఆడుతూనే ఉండాలి. ముక్కుకు కట్టుకున్నావా?" అన్నారు. వాడు మెడలో వేలాడుతున్న మాస్కును ఎత్తి చూపించాడు. ఆయన తలాడించి, దగ్గు ఆగాక, నన్ను పిలిచారు.

"వీణ్ణి ఇందులోకి ఎందుకు దించావురా?" అన్నారు.

నేను జవాబు వెతుక్కుంటుండగా, నా వెనక రెండో టైరు తిరగడం మొదలైంది.