కట్లు లెక్కపెట్టే జబ్బు

సినిమా చదువులో మొట్టమొదటి పని షాట్లు లెక్కపెట్టడం. 3 నిమిషాలకు మించని సీన్ ఒకటి తీసుకుని, సౌండ్ కట్టేసి, కట్ పడ్డప్పుడల్లా, అంటే ఒక షాట్ అయిపోయి ఇంకో షాట్ మొదలైనప్పుడల్లా, ఒక గీత గీయాలి. సరిగ్గా 3 నిమిషాల సీన్‌లో 45 గీతలొస్తే షాట్‌కి సగటున దాదాపు 4 సెకన్లు. రెండోసారి ఒక్కో గీత పక్కన క్లోజా (ముఖం దగ్గరగా), మిడ్డా (నడుము దాకా), వైడా (దూరం నుంచి), కెమెరా కదిలిందా, అక్కడే ఎందుకు కట్ చేశారు అని రాయాలి. ఆఖరి గడి నింపడమే కష్టం. మూడోసారి బొమ్మ చూడకుండా వినాలి. చాలాచోట్ల మనిషి ముఖం కనపడకముందే అతని మాట మొదలైపోతుందని అప్పుడు తెలుస్తుంది. కట్ కంటికి తగలనిది అందుకే.

ఇలా పదిహేను సీన్లు చేసేసరికి నాకు జబ్బు పట్టుకుంది. హాల్లో కూర్చున్నా వేలు కుర్చీ చేతి మీద తాళం వేసినట్టు కట్లు లెక్కపెడుతూనే ఉండేది. రాత్రి సీన్‌లో వాన లేకపోయినా రోడ్డు తడిగా ఉంటుంది. పొడి తారు వెలుతురు మింగేస్తుంది, నీళ్లు కొడితే లైట్లన్నీ అందులో మెరుస్తాయి. చేతిలో కాఫీ కప్పు ఖాళీదని పట్టుకున్న తీరే చెప్పేస్తుంది, నిండు కప్పుని అలా ఊపుతూ ఎవరూ మాట్లాడరు. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే ఒకరిది లెఫ్ట్ లుక్, ఇంకొకరిది రైట్ లుక్ ఉండాలి. వాళ్ల మధ్య ఉండే ఊహాగీతని కెమెరా దాటిందంటే ఇద్దరూ ఒకే వైపు చూస్తూ, ఎవరో మూడోవాడితో మాట్లాడుతున్నట్టుంటారు. ఇదివరకు ఏదో తేడాగా ఉందనుకుని వదిలేసేవాణ్ణి. ఇప్పుడు సీన్ ముందుకెళ్లిపోయినా మనసు అక్కడే ఇరుక్కుంటుంది. ఇవన్నీ పక్క సీట్లో వాళ్లకి చెప్పారో, మళ్లీ మీతో సినిమాకి రారు.

పాటల సంగతి మరీ ఘోరం. స్లో మోషన్‌లో కొంగు తేలిపోతుంటుంది, పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. సెకనుకి 48 ఫ్రేములు తీసి 24తో వేస్తే కదలిక సగం వేగానికి పడిపోతుంది. అందుకని షూటింగ్‌లో పాటని రెట్టింపు వేగంతో వేసి, దానికి పెదాలు కలపమంటారు. ఇది తెలిశాక నెల రోజులు ఏ ప్రేమపాట చూసినా నా చెవిలో ఆ కీచుగొంతే.

పొరపాటంతా తొలిసారి చూస్తూనే చదవబోవడంలో ఉంది. కథ ఎటు పోతుందో తెలియనివాడికి కట్ ఎందుకు పడిందో ఎలా తెలుస్తుంది? పుస్తకం నిండా ‘క్లోజప్, 3 సెకన్లు’ లాంటి కొలతలే మిగులుతాయి. మొదటిసారి పెన్ను లేకుండా హాల్లోనే చూడాలి. నవ్వో, భయమో, గొంతు పట్టేయడమో, ఒంట్లో ఏదో కదిలిన చోట్లు మూడు ఇంటికొచ్చాక రాసుకుంటే చాలు. వారం ఆగి ఆ మూడే విప్పి చూడాలి. ఏడుపొచ్చిన సీన్‌ని సౌండ్ తీసేసి చూస్తే ఏడిపించింది నటులా, ఆర్‌ఆరా (నేపథ్య సంగీతమా) అన్నది తేలిపోతుంది.

1957 నాటి ‘మాయాబజార్’లో లాహిరి లాహిరి పాటని ఇలాగే విప్పబోయాను. ఆనాటి ఫిల్ముకి నిజం వెన్నెల చాలదు. ఆ వెన్నెల కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే పుట్టించింది. ముఖాల మీద వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీళ్ల మెరుపు దానికి సరిపోతోందా అని షాట్ షాట్‌కీ ఆపుతూ వచ్చాను. పడవలో జంట మారేసరికి ఆపడం మరిచిపోయాను.