వీడియోలో గేరు రేషియో కనబడదు

రోబోటిక్స్ పోటీలకు వెళ్లే పిల్లల నోట ఎప్పుడూ రెండు ఫిర్యాదులు వినబడతాయి. టైము చాలలేదన్నది ఒకటి, ఫలానా టీము డిజైను కాపీ కొట్టేసిందన్నది రెండోది. నా దృష్టిలో ఇవి రెండు వేర్వేరు సమస్యలు కావు. కాపీ కొట్టినందుకు రోబో పాడవదు. పోటీకి వారం ముందు కాపీ కొడితే మాత్రం తప్పకుండా పాడవుతుంది.

అమెరికాలో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో (ఎఫ్‌ఆర్‌సీ) ఒకప్పుడు రోబోలో మార్పులు ఆపేసే గడువును నిర్వాహకులే పెట్టేవారు. జనవరి మొదట్లో ఆట ఏమిటో ప్రకటిస్తారు. ఆరు వారాల్లో రోబో కట్టి, పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నంబరున్న ట్యాగు బిగించేయాలి. కొంత బరువు మేరకు, చాలా ఏళ్లు 30 పౌండ్లు, అంటే సుమారు 13.6 కిలోల భాగాలు మాత్రం బయట ఉంచుకుని పోటీకి తెచ్చుకోనిచ్చేవారు. డబ్బున్న టీములు అచ్చం అలాంటిదే రెండో రోబో కట్టి ప్రాక్టీసు చేసేవి, లేనివాళ్లు సంచి వైపు చూస్తూ కూర్చునేవారు. 2020 సీజన్ నుంచి ఆ నిబంధన తీసేశారు. మంచి పనే. కానీ దాంతో మొదటి వారం పోటీల్లో గెలిచిన రోబో వీడియో చూసి, తమది విప్పి మళ్లీ కట్టుకునేంత వ్యవధి అందరికీ దొరికింది. మన దగ్గర జరిగే పోటీల్లో చాలావాటికి అసలు అలాంటి సంచే లేదు. కాబట్టి ఆ తేదీ ఎవరికి వాళ్లే పెట్టుకోవాలి.

ముందు కాపీ ఎలా చేయాలో చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వీడియోలో కనబడేది ఆకారం. గేరు రేషియో (మోటారు ఎన్నిసార్లు తిరిగితే చక్రమో డ్రమ్మో ఒక్కసారి తిరుగుతుందో ఆ లెక్క), మోటారు, లోపల దాగిన స్ప్రింగు కనబడవు. వాటిని లెక్కతో రాబట్టాలి. రూల్‌బుక్‌లో కొలత ఇచ్చిన వస్తువు ఏదో ఒకటి ఫ్రేములో ఉంటుంది, దాన్ని స్కేలుగా పెట్టుకోండి. వీడియోను ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టండి. వస్తువును పైకెత్తే ఒక లిఫ్టు 90 సెం.మీ. ఎక్కడానికి 36 ఫ్రేములు పట్టిందనుకుందాం. వీడియో సెకనుకు 30 ఫ్రేములదైతే అది 1.2 సెకన్లు, వేగం సెకనుకు 75 సెం.మీ. తాడు చుట్టే డ్రమ్ము వ్యాసం 4 సెం.మీ. అయితే చుట్టుకొలత 12.6 సెం.మీ. అంటే డ్రమ్ము బరువు మోస్తూ నిమిషానికి దాదాపు 357 సార్లు తిరగాలి. లోడు లేనప్పుడు నిమిషానికి 300 సార్లు (300 ఆర్‌పీఎమ్) తిరిగే జాన్సన్ గేరు మోటారు ఆ పని ఎలాగూ చేయలేదు, 500 ఆర్‌పీఎమ్‌ది కావాలి. పైగా ఎత్తేది 2 కిలోలైతే ఒట్టి ఎత్తడానికే 15 వాట్లు కావాలి, ఘర్షణ అదనం. ఈ లెక్క వేయకుండా అల్యూమినియం కోయడం మొదలుపెడితే చూడ్డానికి అదే లిఫ్టు తయారవుతుంది, ఎక్కదు.

రోబో చేయి విషయంలో ఇంకా ఎక్కువ మోసపోతాం. 30 సెం.మీ. చేయి, చివర అరకిలో వస్తువు, చేయి బరువు 200 గ్రాములు. అడ్డంగా చాచినప్పుడు భుజం దగ్గర 15, దానికి 3, మొత్తం 18 కిలో-సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం) పడుతుంది. ఎంజీ996ఆర్ సర్వోకు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) 6 వోల్టుల దగ్గర స్టాల్ టార్కే, అంటే ఇక తిరగలేక ఆగిపోయే బలమే, 11. మరి వీడియోలో వాళ్ల చేయి ఎలా లేచింది? వెనకాల రబ్బరు బ్యాండ్లు ఉంటాయి, కెమెరాకు అందవు. అవి వేసేటప్పుడు కూడా మొత్తం 18నీ బ్యాండ్లతో బ్యాలెన్స్ చేయకూడదు. వస్తువు వదిలిన క్షణంలో చేయి పైకి ఎగిరి సర్వో పళ్లు విరుగుతాయి. వస్తువు లేనప్పుడు 3, ఉన్నప్పుడు 18. రెండింటికీ మధ్యలో 10.5 దగ్గర బ్యాలెన్స్ చేస్తే సర్వో మీద ఏ వైపైనా 7.5 మాత్రమే పడుతుంది. ఇరుసు నుంచి 4 సెం.మీ. దూరంలో, ఆ దూరానికి లంబంగా లాగే బ్యాండ్లకు 2.6 కిలోల లాగుడు చాలు. లగేజీ తూచే కొక్కెం కాటాతో కొలవండి. సర్వోను స్టాల్ టార్కులో సగానికి మించి వాడకూడదు కాబట్టి 15 కిలో-సెంటీమీటర్లదో 20దో తెచ్చుకోండి.

కోడు కాపీ కూడా అంతే. లైన్ ఫాలోవర్‌కు (గీత వెంట నడిచే రోబోకు) వేరేవాళ్ల కేపీ, కేడీ విలువలు, అంటే గీత తప్పిన దూరానికి, తప్పుతున్న వేగానికి తగ్గట్టు ఎంత సరిదిద్దాలో చెప్పే అంకెలు, దించుకుంటే రోబో పాములా ఊగుతుంది. మోటార్లకు కరెంటు అందించడానికి వాళ్లు మోస్‌ఫెట్ డ్రైవర్ బోర్డు వాడి ఉంటారు. మీ ఎల్298ఎన్ డ్రైవర్ ఒక ఆంపియర్ దగ్గరే దాదాపు 2 వోల్టులు తినేస్తుంది. సెన్సర్ల మధ్య దూరం వేరు, చక్రం వ్యాసం వేరు. లూప్ టైము, అంటే కోడు ఒక్క చుట్టు తిరగడానికి పట్టే సమయం, మరీ ముఖ్యం. 9600 బాడ్‌లో సీరియల్ ప్రింట్ చేస్తే (అంటే ఆ వేగంతో కంప్యూటరుకు అక్షరాలు పంపితే) ఒక్కో అక్షరానికి సుమారు మిల్లీసెకను పడుతుంది. బఫర్ (అక్షరాలు వేచి ఉండే చోటు) నిండాక ఆ ఆలస్యమంతా లూప్‌లోకే వచ్చి కేడీ పనిచేయడం మారిపోతుంది. పద్ధతి తీసుకోండి, అంకెలు మీరే రాబట్టుకోండి.

ఇక తేదీ. ఆరు వారాలు చేతిలో ఉంటే మొదటి వారం అట్టముక్కలతో, ఐస్‌క్రీం పుల్లలతో నమూనాలు, వీడియోలు చూసి లెక్కలు వేయడం. మూడో వారం చివరికి ఏ మెకానిజం అన్నది తేలిపోవాలి. పోటీకి 12 రోజుల ముందు మెకానిజంలో మార్పులు ఆగిపోవాలి. ఆ తర్వాత కొత్తది రాదు, కాపీదైనా సొంతదైనా. ఎందుకింత గట్టిగా అంటే, కొత్త గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే పంజా) పెట్టగానే మారేది గ్రిప్పర్ ఒక్కటే కాదు. ముందు బరువు పెరిగి వెనక చక్రాలు జారతాయి, వైరు పొడవు చాలక కనెక్టర్ లాగుతుంది, కోడులో కొలిచి పెట్టుకున్న పొజిషన్లన్నీ తప్పుతాయి, డ్రైవరు చేతికి పట్టుబడిన అలవాటు పోతుంది. నాలుగు బోల్టులతో ఊడి వచ్చేదై, పాతది అలాగే పక్కన ఉండి, ఒక్క పూటలో మార్చి చూడగలిగితేనే మినహాయింపు.

మన ఉత్తరాంధ్ర జిల్లాల క్యాలెండరును దీనిలో కలుపుకోవాలి. విజయనగరంలో దసరా నుంచి పైడితల్లి సిరిమానోత్సవం దాకా లేత్ పని దొరుకుతుందని నమ్ముకోవద్దు. సంక్రాంతికి భోగి నుంచి ముక్కనుమ దాకా సున్నా వేసుకోండి, కొరియర్ కూడా మరో రెండు రోజులు వెనకబడుతుంది. చిన్న సామాన్లు విశాఖ నుంచి ఆర్టీసీ పార్శిల్‌లో తెప్పించుకోవచ్చు గానీ, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను ఆన్‌లైన్‌లో కొంటే విమానంలో పంపడంపై ఆంక్షలున్నందున రోడ్డు మీదే వస్తాయి. మొదటి వారంలోనే ఆర్డర్ పెట్టాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం ఉంటుంది. 2018లో తిత్లీ వచ్చాక ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. భాగాల 3డీ ప్రింటింగ్ చివరి వారానికి పెట్టుకోకండి. తీరప్రాంతపు తేమకు పీఎల్ఏ (ప్రింటింగ్‌కు వాడే ప్లాస్టిక్) తీగలు తీగలుగా సాగుతుంది, 45 నుంచి 50 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఆరబెట్టాకే ప్రింటుకు పెట్టండి. మేలో మూసిన కారులో పీఎల్ఏ భాగాలు వదిలితే వంకర పోతాయి, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

కాపీ చేశామని ఒప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఎఫ్‌ఆర్‌సీలో సీజన్‌కు ముందు చేసుకున్న డిజైను వాడాలంటే దాన్ని అందరికీ కనబడేలా ముందే బయటపెట్టి ఉండాలన్న నియమం ఉంది. అందులోని 118వ టీము తక్కువ ఖర్చు రోబో డిజైనును ఇతరులు కట్టుకోవడానికే ఏటా విడుదల చేస్తుంది. నోట్‌బుక్‌లో తేదీ, వీడియో ఎక్కడిది, మీ లెక్క, మీరు మార్చింది, ఎందుకు మార్చారు అన్నది రాయండి. ‘ఈ రేషియో ఎందుకు?’ అని జడ్జి అడిగితే జవాబు ఆ పేజీలోనే ఉంటుంది. లెక్కలు లేకుండా ఆకారం మాత్రమే దించినవాళ్లు తడబడేది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే.

పోటీ అయ్యాక మీ డిజైనూ బయట పెట్టండి. స్టెప్ ఫైలు (3డీ డిజైను ఫైలు), సామాన్ల జాబితా, రేషియో, వాడిన బ్యాండ్ల లాగుడు, ఏ భాగం ఎన్ని మ్యాచ్‌ల తర్వాత ఎక్కడ విరిగిందో అన్నీ రాసి పెట్టండి. వచ్చే ఏడు ఎచ్చెర్లలోనో రాజాంలోనో టెక్కలిలోనో మొదలుపెట్టే టీముకు ఫొటో కన్నా ఆ విరిగిన భాగం వివరమే ఎక్కువ పనికొస్తుంది.