రైస్లిప్‌లో కర్రాబిళ్ళ

మన హైస్కూల్లో డ్రిల్లు పీరియడంటే మగపిల్లలకి గ్రౌండు, మాకు వేపచెట్టు. నేను 1996 పదో తరగతి బ్యాచి. ఆరు నుంచి పది దాకా ఆ చెట్టు అరుగు మీద కూర్చుని రుమాళ్ళకి గొలుసుకుట్టు కుట్టాం. గ్రౌండు అంచున సున్నంతో గీసిన గీత ఉండేది. బంతి గీత దాటి మా వైపు దొర్లితే తీసి విసిరేవాళ్ళం, అంతే. ఇంటిదగ్గర మాత్రం అన్నయ్యతో, పెదనాన్నగారి పిల్లలతో కర్రాబిళ్ళ ఆడేదాన్ని. బిళ్ళ మొనమీద కర్రతో తడితే అది లేస్తుంది. మళ్ళీ నేలకి రాకముందే దాన్ని కొట్టాలి. నాకది బాగా వచ్చేది. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ "ఇంక చాల్లే, పెద్దదానివయ్యావు" అని కర్ర తీసి అటక మీద పెట్టేసింది.

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి రాయమని మా బ్యాచి వాళ్ళు ఫోన్ చేసి, "నీ లండన్ సంగతులేవైనా రాయవే" అన్నారు. నర్సుగా ఇక్కడికి వచ్చింది 2005లో. 2013 నుంచి డ్యూటీ లేని ఆదివారాలు చాలావరకు ఒక గ్రౌండు పక్కనే గడిచాయి. అది ఐరిష్ వాళ్ళ గ్రౌండు. నేను రాయగలిగిన లండన్ అదే.

అక్కడికి నన్ను మొదట తీసుకెళ్ళింది మా వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు. ఐర్లండు పడమటి తీరాన మేయో అనే కౌంటీ ఉంది, మన జిల్లా లాంటిది. ఆవిడది ఆ మేయోలో ఒక పల్లెటూరు. పద్దెనిమిదేళ్ళప్పుడు నర్సింగు ట్రైనింగుకని లండన్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. నేను కొత్తగా చేరి, చీటీల మీద డాక్టర్ల రాత అర్థంగాక తడబడుతున్న రోజుల్లో పక్కన నిలబడి ఒక్కో మందు పేరు పలికించింది. అప్పటినుంచి నాకు అక్కలాంటిది. 2013 మే 26న, "ఇవాళ ఇంట్లో కూర్చోకు, రా" అని రైస్లిప్ తీసుకెళ్ళింది. అప్పుడు నాకు ఏడో నెల.

మెట్రో రైలు సెంట్రల్ లైనులో సౌత్ రైస్లిప్ స్టేషన్ దిగితే గ్రౌండు దగ్గరే. ఇప్పుడు మెక్‌గవర్న్ పార్క్ అంటున్నారు, ముందు ఎమరాల్డ్ గ్రౌండ్స్ అనేవారు. ఆ రోజు గ్యాలిక్ ఫుట్‌బాల్: లండన్ జట్టుకీ, ఐర్లండు నుంచి వచ్చిన స్లైగో కౌంటీ జట్టుకీ పోటీ. లండన్ ఇంగ్లండులోనే ఉన్నా, ఐర్లండు పడమటి ప్రాంతమైన కానక్ట్ ఛాంపియన్‌షిప్‌లో ఆడుతుంది. సముద్రం అవతల ఒక కౌంటీ అన్నట్టే లెక్క.

ఆట చూస్తే మొదట అన్నీ కలగలిసినట్టే ఉంటుంది. జట్టుకి పదిహేనుమంది. గుండ్రటి బంతి. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు. కానీ చేత పట్టుకుని నాలుగడుగులు దాటకూడదు. నేలకి కొట్టి పట్టుకోవాలి, లేదా పరిగెత్తుతూనే కాలివేళ్ళ మీదికి వదిలి మళ్ళీ చేతిలోకి తన్నుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకి కొట్టకూడదు. గోలు స్తంభాలు పొడుగ్గా, మధ్యలో అడ్డకర్రతో ఉంటాయి. అడ్డకర్ర కింద వలలో పడితే గోలు, దానికి మూడు పాయింట్లు. పైనుంచి వెళితే ఆ రోజుల్లో ఎక్కడినుంచైనా ఒకటే. స్తంభాల పక్కన తెల్లకోట్లు వేసుకున్న అంపైర్లు నిలబడి పాయింటుకి తెల్లజెండా, గోలుకి పచ్చజెండా ఊపుతారు. ఆ తెల్లకోట్లు చూస్తే మా డాక్టర్లే వచ్చి నిలబడ్డట్టుంది. స్కోరు కూడా రెండు అంకెలుగా రాస్తారు, గోల్స్ ముందు, పాయింట్లు తర్వాత.

ఆ రోజు లండన్ 1-12, స్లైగో 0-14. అంటే పదిహేనుకి పద్నాలుగు. కానక్ట్ ఛాంపియన్‌షిప్‌లో లండన్ గెలవడం 1977 తర్వాత అదే మొదలు. ఈల మోగగానే మా సిస్టరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చుట్టూ పెద్ద పెద్ద మగాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. నా పక్కన నిలబడ్డ ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని గ్రౌండు కేసి చూస్తూ ఉండిపోయాడు. గెలిపించిన కుర్రాళ్ళు మర్నాడు పొద్దున ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళే, బిల్డింగు సైటుకో, బడికో, ఆఫీసుకో. ఈ ఆటలో ఎవరికీ జీతం లేదు. డబ్లిన్‌లో ఎనభైవేల మంది ముందు ఫైనల్ ఆడేవాళ్ళకీ లేదు.

తర్వాత లీట్రిమ్ కౌంటీతో ఆట సమంగా ముగిసింది. మళ్ళీ ఆడి ఒక్క పాయింటుతో గెలిచి లండన్ కానక్ట్ ఫైనల్‌కి చేరింది. ఎదురుగా ఎవరు? మేయో. అదీ వాళ్ళ సొంత గడ్డ కాజిల్‌బార్‌లో. మా సిస్టరు పుట్టిన కౌంటీ ఒక పక్క, బతికిన ఊరు ఒక పక్క. "ఎవరు గెలవాలి సిస్టర్?" అని అడిగాను. జవాబు చెప్పలేదు. సెలవు పెట్టి వెళ్ళి వచ్చాక చెప్పింది. మేయో ఎరుపు-పచ్చ కండువా, లండన్ తెలుపు-పచ్చ కండువా రెండూ మెడలో వేసుకుని కూర్చుందట. జూలై 21న మేయో 5-11, లండన్ 0-10. ఓడిపోయారు, అదీ బాగానే. ఆవిడ ఊరినుంచి తెచ్చిన సోడా రొట్టె వార్డులో అందరికీ కోసి పెడుతూ, "మా అమ్మ ఊరు గెలిచింది, నా ఊరు ఓడింది" అంది. ఆ మాట విన్నప్పటినుంచి ఈ ఆటలు నావి కూడా అనిపించాయి. నాకూ ఊళ్ళు రెండు.

ఈ ఆటలు నడిపే సంఘం, గ్యాలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, 1884 నవంబర్ 1న థర్లెస్ అనే చిన్న పట్నంలో ఒక హోటల్లో పుట్టింది. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో మా ఆటలు మాకుండాలి అన్న పట్టుదల. ఆ పట్టుదల ఎంతంటే క్రికెట్, రగ్బీ, సాకర్ లాంటి "పరాయి ఆటలు" ఆడినవాళ్ళని 1971 దాకా సంఘంలోంచి తీసేసేవారు. నాకది మరీ కఠినం అనిపిస్తుంది. ఇంగ్లండులోనే పుట్టి, బడిలో పక్క పిల్లలతో సాకర్ ఆడే కుర్రాడికి ఎంత ఇబ్బంది! కానీ ఒకరి పాలనలో బతికిన జాతి తన ఆటని అంత గట్టిగా పట్టుకోవడం మనకి అర్థంకానిది కాదు.

లండన్ శాఖ 1890ల మధ్యలోనే మొదలైంది. ఆ సంగతులు విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఐర్లండు మొత్తానికీ పెద్ద కప్పులు రెండు. ఫుట్‌బాల్‌కి సామ్ మగ్వైర్ కప్పు, కర్రతో బంతిని కొట్టే హర్లింగ్‌కి లియమ్ మెకార్తీ కప్పు. ఇద్దరూ లండన్‌లో బతికినవాళ్ళు! మగ్వైర్ కార్క్ కౌంటీ నుంచి వచ్చి ఇక్కడ పోస్టాఫీసు ఉద్యోగం చేశాడు, లండన్ జట్టుకి కెప్టెన్‌గా ఆడాడు. మెకార్తీ 1853లో లండన్‌లోనే పుట్టాడు. తల్లిదండ్రులు ఐర్లండు నుంచి వచ్చినవాళ్ళు. అంటే ఐర్లండు గుండెకాయ లాంటి ఆటకి ఇచ్చే కప్పు మీద ఉన్నది, ఐర్లండులో పుట్టనే పుట్టని మనిషి పేరు. తర్వాత ఐర్లండు స్వాతంత్ర్య పోరాటాన్ని నడిపిన మైకేల్ కాలిన్స్ కూడా 1906లో లండన్ పోస్టల్ సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఇక్కడి జెరాల్డీన్స్ క్లబ్బులో హర్లింగ్ ఆడాడు. ఇంకొకటి: 1901 సంవత్సరపు ఆల్-ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ ఆలస్యమై 1903లో జరిగితే, అందులో లండన్ కార్క్‌ని ఓడించింది. ఐర్లండు బయటి జట్టు ఆ టైటిల్ గెలవడం అదొక్కసారే.

మా క్లబ్బులో జెండాలు ఊపే పెద్దాయనకి ఎనభై దాటాయి. క్లేర్ కౌంటీ మనిషి. పద్దెనిమిదేళ్ళకి పడవెక్కి వచ్చి, విక్టోరియా లైను సొరంగం తవ్వినవాళ్ళలో ఒకడయ్యాడు. "తెల్లారకముందే క్రికిల్‌వుడ్ రోడ్డు మీద నిలబడేవాళ్ళం అమ్మా, వ్యాను వాడు వేలు చూపించినవాడికే ఆ రోజు కూలి" అని చెప్పాడొకసారి. నాకు మన ఊరి సెంటర్లో పొద్దున్నే కూలికి నిలబడేవాళ్ళు కళ్ళముందు మెదిలారు. వారమంతా మట్టిలో పని. ఆదివారం చర్చి, ఆట, రాత్రి గాల్టీమోర్ హాల్లో డాన్సు. 1952లో మొదలైన ఆ హాలు 2008లో మూతపడింది, నేనూ బయటినుంచి చూశాను. 1958లో వెంబ్లీ స్టేడియంలో మొదటిసారి ఈ ఆటలు పెట్టినప్పుడు తను వెళ్ళానని ఆయన చెబుతుంటే గొంతు మారిపోతుంది. "గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరమో తెలిసేది కాదు. గేటు లోపలికి వస్తే నీది ఏ ఊరని అడిగేవాళ్ళు ఉండేవాళ్ళు" అన్నాడు.

ఐర్లండులో పని దొరక్కపోతే ఇక్కడి జట్లు నిండుతాయి, అక్కడ బాగుంటే ఖాళీ అవుతాయి. 2008 తర్వాత అక్కడ ఉద్యోగాలు పోయి కుర్రాళ్ళు గుంపులుగా వచ్చారు. ఇప్పుడు వచ్చేవాళ్ళు తగ్గారు. చాలామంది ఆస్ట్రేలియా పోతున్నారు. అందుకని క్లబ్బులన్నీ ఇక్కడ పుట్టిన పిల్లల మీద పడ్డాయి. కరోనా వచ్చిన 2020, 2021 రెండేళ్ళూ లండన్ ఛాంపియన్‌షిప్‌లో ఆడలేదు. ఆ రెండేళ్ళు నేను వార్డులో ఉన్నాను, వాటి గురించి ఇక్కడ రాయను. గ్రౌండు మళ్ళీ తెరిచాక, ఎనిమిదేళ్ళ మా అమ్మాయిని తీసుకెళ్ళి, "మాది ఐర్లండు కాదు, చేర్చుకుంటారా" అని అడిగాను. కోచ్ ఎలక్ట్రీషియన్ పని చేస్తాడు. ఆయన పేరు రాసుకుని, "బూట్ల సైజెంత?" అన్నాడు.

హర్లింగ్‌ని ఆడపిల్లలు ఆడితే కమోగీ అంటారు. ఏష్ చెట్టు కర్ర, కింద అరచెయ్యంత వెడల్పు. దాని పేరు హర్లీ. తోలు కుట్టిన చిన్న గట్టి బంతి, స్లిటర్. తలకి ఇనుప జాలీ ఉన్న హెల్మెట్ తప్పనిసరి. మొదటిరోజు నేలమీద ఉన్న బంతిని ఎత్తడం నేర్పుతున్నారు. కర్ర కొసని బంతి మీదుగా తనవైపు లాగి, చటుక్కున కిందికి తోసి, పైకి లేపి, చేతిలోకి తీసుకోవాలి. తర్వాత గాలిలోకి వదిలి, పడేలోపల కొట్టాలి. చూస్తున్న నాకు కుడి మణికట్టు దానంతట అదే కదిలింది. పాతికేళ్ళ కిందట అటక ఎక్కిన కర్ర అది.

పోయిన ఏడాది మా అమ్మాయి జట్టుతో బర్మింగ్‌హామ్ పక్కన సోలిహల్ వెళ్ళాం. అక్కడి గ్రౌండుని వాళ్ళ భాషలో పార్క్ నా హేరన్ అంటారు, ఐర్లండు పార్కు అని అర్థం. సన్నటి వాన. మాంచెస్టర్, లీడ్స్ వైపునుంచి కూడా పిల్లలొచ్చారు. మా జట్టులో ఒకమ్మాయి తండ్రి నైజీరియా, ఇంకొకమ్మాయి తల్లి పోలండు, మరొకమ్మాయి తాతగారు మేయో. బంతి మా అమ్మాయి ముందు బురదలో ఆగింది. కర్ర పెట్టింది, జారిపోయింది. మళ్ళీ జారింది. కోచ్ గీత అవతలినుంచి "కిందికి, ఇంకా కిందికి వంగు" అని అరుస్తున్నాడు. మా అన్నయ్య నాతో ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట, "వంగవే, నడుం వంచి కొట్టు" అని. మూడోసారి మోకాలు నేలకి తగిలేంత వంగింది. బంతి లేచింది. చేతిలోకి వచ్చింది. వదిలి కొట్టింది. అడ్డకర్ర పైనుంచి వెళ్ళిందో పక్కనుంచి వెళ్ళిందో వానలో నాకు కనబడలేదు. తెల్లకోటు మనిషి వంగి జెండా తీశాడు. తెల్లది.

మనవాళ్ళం ఇక్కడ ఉగాదికి, సంక్రాంతికి హాలు అద్దెకి తీసుకుంటాం. రాత్రి తొమ్మిదికి తాళంచెవి తిరిగి ఇచ్చేస్తాం. వీళ్ళు నూటపాతికేళ్ళకి పైగా ఈ దేశంలో నిలదొక్కుకున్నది గ్రౌండు పట్టుకుని. ఆ గీత లోపల వాళ్ళ పిల్లలకీ, నా పిల్లకీ ఒక్కటే చోటు.

సంచిక కమిటీ వారికి ఒక మాట. పూర్వ విద్యార్థుల నిధికి నా వంతు పంపాను. గేటు దగ్గర ఆర్చి కడదామని వాట్సాప్‌లో చర్చ నడుస్తోంది. నా డబ్బు దానికి వద్దు, మన గ్రౌండు పల్లం పూడ్చి చదును చేయించడానికి వాడండి. వానాకాలం మూడు నెలలు అక్కడ నీళ్ళు నిలుస్తున్నాయని అన్నయ్య చెప్పాడు.

సంక్రాంతికి వస్తున్నాం. మా అమ్మాయి కర్ర ముప్ఫై అంగుళాలు. క్లబ్బువాళ్ళు పిల్లలు ఎదిగిపోయి వదిలేసిన పాత కర్రలు ఇంకో ఎనిమిది ఇచ్చారు, డజను బంతులు, నాలుగు హెల్మెట్లు. హెల్మెట్ లేకుండా ఎవరూ ఆడకూడదు, కాబట్టి ఒక్కసారికి నలుగురే. ఎనిమిదో తరగతి ఆడపిల్లలకి డ్రిల్లు పీరియడ్ ఏ రోజో, ఎన్నింటికో కాస్త కనుక్కుని చెప్పండి.