తెలుగు బ్లాగుకి హోస్టింగ్: అమీర్‌పేటలో నా అనుభవం

నా బ్లాగు నిన్న రాత్రి సొంత చిరునామాలో తెరుచుకుంది, అదీ తెలుగులో. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే వెంటనే రాసేస్తున్నా.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఛందస్సు మీద, వ్యాకరణం మీద బ్లాగ్‌స్పాట్‌లో చాలా కాలంగా రాస్తున్నా. లేఖినిలో తెలుగు టైపు చేసి, బ్లాగులన్నీ ఒకచోట చూపే కూడలిలో మన టపా కనిపిస్తే సంబరపడిపోయిన తరం మాది. బ్లాగ్‌స్పాట్‌ని నడిపే బ్లాగర్ మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. 2003లో గూగుల్ చేతికి వచ్చాక కూడా ఉచితంగానే నడుస్తోంది. డొమైన్ (సైటు చిరునామా) ఒక్కటి కొనుక్కుంటే మన పేరుతోనే పెట్టుకోవచ్చు, హోస్టింగ్ (సైటుని ఉంచే సర్వర్ చోటు) ఖర్చు సున్నా. కథలూ కబుర్లూ రాసుకునేవాళ్లకి అదే చాలు, ఎవరేం చెప్పినా వినకండి. నాకు మాత్రం పాఠాల పీడీఎఫ్‌లు కూడా పెట్టాలని ఉంది. బ్లాగర్‌లో అవి పెట్టలేం, డ్రైవ్‌లో పెట్టి లింకు ఇచ్చుకోవాలి. పైగా తెలుగు శీర్షిక పెడితే చిరునామాలో అది ఎగిరిపోయి ‘బ్లాగ్-పోస్ట్’ అని ఏదో ఒకటి తగిలించి వదులుతుంది.

మా చెల్లెలి కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. “పెద్దమ్మా, హ్యూగోతో చేసి గిట్‌హబ్‌లో పెట్టేద్దాం, పైసా ఖర్చుండదు” అన్నాడు. హ్యూగో అంటే సైటు పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, గిట్‌హబ్ వాటిని ఉచితంగా ఉంచే చోటు. నిజమే, ఖర్చుండదు. కానీ ఒక అరసున్న దిద్దాలన్నా నేను వాడికి ఫోన్ చెయ్యాలి, వాడు మీటింగులో ఉంటాడు. వద్దన్నాను. ఇక బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. దాని డాట్ కామ్ వేరు, డాట్ ఆర్గ్ వేరు. డాట్ కామ్‌లో అంతా వాళ్లే చూసుకుంటారు గానీ, ఉచిత ప్లాన్‌లో వాళ్ల ప్రకటనలు వస్తాయి, సొంత డొమైన్ కావాలంటే డబ్బు కట్టాలి. డాట్ ఆర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్ మనం కొనుక్కోవాలి. నేను రెండోదానికి మొగ్గాను. పెద్ద కంపెనీలు చాలానే ఉన్నాయి, కానీ ఏదన్నా తేడా వస్తే వెళ్లి తెలుగులో అడగొచ్చు కదా అని అమీర్‌పేటలో ఆఫీసున్న ఒక సంస్థని ఎంచుకున్నా.

డొమైన్ కొనడం ఒక ఓటీపీతో అయిపోయింది. నేమ్‌సర్వర్లు (ఆ చిరునామా ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) మార్చాక నలభై ఎనిమిది గంటలు పట్టొచ్చన్నారు, సాయంత్రానికే పనిచేసింది. బిల్లులో ఎస్ఎస్ఎల్ (సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారాన్ని కాపాడే సర్టిఫికెట్) అని ఒక పద్దు చేర్చారు, పట్టుబట్టి తీయించాను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం. తొంభై రోజులే ఉంటుంది గానీ ప్యానెల్‌లో ఆన్ చేస్తే గడువు దగ్గరపడ్డప్పుడు తనంతట తనే కొత్తది తెచ్చుకుంటుంది. మీ బిల్లులోనూ ఆ పద్దు ఉంటే కొట్టేయించండి.

అసలు కథ ఇక్కడ మొదలు. “వర్డ్‌ప్రెస్ మేమే వేసిస్తాం, రెడీమేడ్” అన్నారు. వేసిచ్చారు. బ్లాగర్ నుంచి బ్యాకప్ దించుకుని ఇందులోకి ఎక్కించాను. తేదీలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి. శీర్షికల దగ్గర, వ్యాసాల్లో మొత్తం ప్రశ్నార్థకాలు. ఉత్పలమాల లక్షణాలన్నీ వరసగా ప్రశ్నార్థకాలే. టికెట్ (ఫిర్యాదు) పెడితే “తెలుగు ఫాంట్ ఇన్‌స్టాల్ చేసుకోండి” అని జవాబిచ్చి టికెట్ మూసేశారు. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే జవాబు, మళ్లీ మూత.

సరేనని మైత్రీవనం వెనక సందులో ఉన్న వాళ్ల ఆఫీసుకే వెళ్లాను. హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకున్న కుర్రాడు తన కంప్యూటర్‌లోనే నా బ్లాగు తెరిచాడు. “మీ సిస్టమ్‌ల ఫాంట్ లేదు ఆంటీ” అన్నాడు.

“నాయనా, ఇది నీ సిస్టమే కదా” అన్నాను.

“దీంట్ల గూడ లేదేమో.”

పక్క ట్యాబులో ఈనాడు తెరవమన్నాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. దాంతో సీనియర్‌ని పిలిచాడు. ఆయన కూర్చోకుండానే తేల్చేశాడు: “కంటెంట్ కరప్ట్ అయింది మేడమ్. ఈ ప్లాన్‌లో రీజనల్ లాంగ్వేజ్ సపోర్ట్ ఉండదు, బిజినెస్ ప్లాన్‌కి మారాలి.” ఈ మాట నాకు తెలుగులోనే చెప్పాడు! అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో చోటిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది, దానికి వేరే ప్లాన్ ఏమిటని అడిగాను. జవాబు కుర్రాడిచ్చాడు. “ఇంగ్లిష్‌ల రాస్కుంటే అయిపాయె కదా ఆంటీ.” కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా పాఠం విన్న పిల్లలు ఊళ్లో ఎంతమంది ఉంటారో, వాళ్లలో ఒక్కడు కూడా ఆ గదిలో లేకపోయె.

ఇంటికొచ్చి ఆ ప్రశ్నార్థకాలు లెక్కపెట్టాను. సీస పద్యానికి గణాలు కట్టించినదాన్ని, నాకు ఇదో లెక్కా? ‘అమ్మ’ ఉండాల్సిన చోట నాలుగున్నాయి. ఛందస్సులో అది రెండక్షరాలే, ఒక గురువు, ఒక లఘువు. కంప్యూటర్‌కి మాత్రం అ, మ, హలంతం, మరో మ. అంటే నేను రాసింది సర్వర్ దాకా సరిగ్గానే వెళ్లింది, దాచుకునే చోట పోయింది. ఫాంట్ లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, ప్రశ్నార్థకాలు కాదు.

డేటాబేస్‌ని చూపించే పీహెచ్‌పీ మైఅడ్మిన్ తెరిచి టేబుళ్ల పక్కన ‘కొలేషన్’ (అక్షరాల క్రమం) అన్న వరస చూశాను. అన్నిటికీ ‘లాటిన్1_స్వీడిష్’ అని ఉంది. వర్డ్‌ప్రెస్ రాతలు దాచుకునే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ పుట్టింది స్వీడన్‌లో, పాత వెర్షన్లలో ఏమీ చెప్పకపోతే ఆ దేశపు అక్షర క్రమమే తీసుకునేది. 2018లో వచ్చిన 8.0 నుంచి అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అయింది. వీళ్లు ఏనాటి డేటాబేస్‌నో నకలు తీసి అందరికీ రెడీమేడ్ అని వేసిస్తున్నారు. ఆ లాటిన్‌లో తెలుగుకి చోటు లేదు, పట్టని ప్రతిదాన్నీ ప్రశ్నార్థకం చేసేస్తుంది. ఒకసారి అలా పడ్డాక టేబుల్ మార్చినా అక్షరాలు తిరిగి రావు, మూలం నుంచి మళ్లీ ఎక్కించాల్సిందే.

వాళ్ల రెడీమేడ్ తీసిపారేసి, కొత్త డేటాబేస్‌కి యూటీఎఫ్8ఎంబీ4 అని నేనే పెట్టి, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి దించుకున్న తాజా ఫైళ్లతో వేసుకున్నా. బ్యాకప్ ఎక్కించగానే తెలుగంతా వచ్చేసింది. ఈ సంగతి విని మా చెల్లెలి కొడుకు “పెద్దమ్మా, మా టీమ్‌లోకి వచ్చెయ్” అన్నాడు. జీతమెంతిస్తారని అడిగాను.

మీరు హోస్టింగ్ కొనేముందు, జీబీలూ బ్యాండ్‌విడ్తూ తర్వాత, ట్రయల్‌లో ‘అమ్మ’ అని రాసి సేవ్ చేసి చూడండి. వర్డ్‌ప్రెస్‌లో ఇంకో తిరకాసు: తెలుగు శీర్షికని చిరునామాగా మార్చేటప్పుడు ఒక్కో గుర్తుకి తొమ్మిది క్యారెక్టర్లు పడతాయి, ఉన్న చోటు రెండొందలు. ఇరవై రెండు గుర్తులయ్యేసరికి శీర్షిక తెగిపోతుంది. ‘చంపకమాల లక్షణాలు, ఉదాహరణలు’ అని పెడితే చివరి మాట తోక తెగిపోతుంది. నేను చిరునామా వరకు ఇంగ్లిష్ అక్షరాల్లో కుదించి రాస్తున్నా.

డబ్బు సంగతి: బోర్డు మీద ఉండేది మొదటి ఏడాది ధర. రెన్యూవల్ ధర వేరు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరు. డొమైన్ ఆ సంస్థ దగ్గర కాకుండా వేరే చోట కొన్నాను కాబట్టి నేమ్‌సర్వర్లు మార్చుకుంటే చాలు, బయటపడొచ్చు. ఆటో రెన్యూవల్ తీసేశాను. ఏడాది పూర్తవగానే వేరే సంస్థకి మారుతున్నా, ఈలోగా పీడీఎఫ్‌లు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నా.