తలుపు దగ్గర మంచం: రెండో ప్రయత్నంలో నేను ఎక్కడ తప్పానంటే

మొన్న సివిల్స్ ఫలితాల జాబితాలో నా నంబరు కనిపించినప్పటి నుంచి ఫోను ఆగడం లేదు. సగం మంది అభినందిస్తున్నారు, మిగతా సగం మంది ఒకటే అడుగుతున్నారు: "తెలుగు మాధ్యమంలో పీఎస్ఐఆర్ (రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాల ఆప్షనల్) ఎలా రాశారు? నోట్సు పంపిస్తారా?" పంపిస్తాను. కానీ ఆ నోట్సులో ముప్పాతిక వంతు మీ దగ్గర ఇప్పటికే ఉంటుంది. రెండేళ్ల క్రితం నా దగ్గరా ఉంది. ఉండి కూడా తప్పాను. అందుకే ముందు ఆ తప్పిన కథ చెబుతాను.

ప్రిలిమ్స్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాత ప్రశ్నపత్రాలు, ఒకే పుస్తకం పదిసార్లు, ఆప్టిట్యూడ్ పేపరైన సీశాట్‌ను చిన్నచూపు చూడకపోవడం. జనరల్ స్టడీస్ అందరిలాగే చదివాను.

రెండో ప్రయత్నంలో మెయిన్స్ బాగానే రాశాననుకున్నాను. ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. మార్కులు చూస్తే ఆప్షనల్ రెండో పేపరులో 250కి 91. తెలుగులో రాయడం వల్లే తగ్గాయని వారం రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ ఓదార్పు చాలా హాయిగా ఉంటుంది, జాగ్రత్త.

నేను రోజూ చదువుకునే గ్రంథాలయానికి పదవీ విరమణ చేసిన ఒక రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు పేపరు చదవడానికి వచ్చేవారు. బతిమాలితే ఒక జవాబు దిద్దడానికి ఒప్పుకున్నారు. ప్రశ్న ఆయనే ఇచ్చారు: "యూరప్ దేశాల వలస విధానం ఎదుర్కొంటున్న సవాళ్లను చర్చించండి." ఇరవై మార్కులు. నేను నాలుగు పేజీలు నింపాను. 2015 శరణార్థుల సంక్షోభం, సిరియా, మధ్యధరా సముద్రంలో పడవలు, "మనం చేయగలం" అన్న అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ మాట, మితవాద (రైట్ వింగ్) పార్టీల ఎదుగుదల, బ్రెగ్జిట్ అన్నీ ఉన్నాయి. చివర ఒక పటం కూడా గీశాను.

అయిదు మార్కులు వేశారు. వ్యాఖ్య ఏమీ రాయలేదు. ఎర్ర సిరాతో పదకొండు చోట్ల ఒకే మాట: "ఎవరు?" ఉదాహరణకు "యూరప్ వలసదారులను అడ్డుకుంటోంది" అని నేను రాసిన వాక్యంలో "యూరప్" కింద ఒక "ఎవరు?", "వలసదారులను" కింద ఇంకొకటి.

కోపంగానే వెళ్లి అడిగాను. ఆయన కళ్లజోడు తీసి, "మీ నాన్న ఏం చేసేవాడు?" అన్నారు. పాలమూరు నుంచి ముంబయికి వలస వెళ్లి మేస్త్రీ పని చేశారని చెప్పాను. "అమెరికా వెళ్లిన నీ స్నేహితుడు?" అతనిదీ వలసే అన్నాను. "బాంబులు పడుతుంటే సిరియాలోని అలెప్పో నుంచి పారిపోయినవాడు?" నా నోట్సులో అతనిదీ వలసే. "శీతాకాలంలో కొల్లేటికి వచ్చే కొంగలదీ వలసే కదా బాబూ. అందరికీ ఒకే మాట వాడితే నేను మార్కులు ఎవరికి వేయాలి?"

నా చదువు మలుపు తిరిగింది ఆ రోజే. తెలుగులో రాసేవారికి ఈ ఉచ్చు మరీ ఎక్కువ. మన "వలస" చాలా విశాలమైన మాట, చట్టం మాత్రం ఇరుకైనది. ప్రాణభయంతో పారిపోయి వచ్చి శరణు కోరేవారి మాట వినాల్సిందే. 1951 శరణార్థుల ఒప్పందం 33వ అధికరణం ప్రకారం ప్రమాదం ఉన్న చోటికి వారిని తిప్పి పంపకూడదు. పని కోసం వచ్చేవారి సంగతి వేరు. ఎంతమందిని రానివ్వాలన్నది ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకోవచ్చని యూరోపియన్ యూనియన్ పనితీరు ఒప్పందం (టీఎఫ్ఈయూ) 79వ అధికరణమే చెబుతోంది. అందుకే ఒకే జర్మనీ 2024 సెప్టెంబరులో తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టి, మరుసటి నెలలోనే నైపుణ్యం ఉన్న భారతీయులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామంది. నా పాత జవాబులో దీన్ని "ద్వంద్వ వైఖరి" అని తిట్టి వదిలేశాను. రెండూ వేర్వేరు వరుసలని అప్పుడు తట్టలేదు. విదేశీ ఉద్యోగాలకు పంపే మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పించి పంపే నర్సు నిలబడే వరుస ఒకటి, గ్రీసులోని లెస్బోస్ దీవిలో పడవ దిగినవాడిది మరొకటి.

ఇక మిగిలిన "ఎవరు?", అంటే "యూరప్" కింద ఉన్నదాని దగ్గరికి వస్తాను. ఇది నాకు పుస్తకంలో కాదు, అశోక్‌నగర్‌లోని మా గదిలో అర్థమైంది.

గదిలో నలుగురం. తలుపు దగ్గర మంచం నాది. పాలవాడు, నీళ్ల క్యాను అబ్బాయి, అద్దె కోసం ఇంటి యజమాని, పక్క గది వాళ్ల పార్శిల్, ఎవరు తలుపు తట్టినా లేచేది నేనే. ఎవరూ తీర్మానం చేయలేదు. మంచం అక్కడ ఉంది కాబట్టి పని నాది. ఒక రాత్రి డబ్లిన్ నిబంధన (శరణు దరఖాస్తును ఏ దేశం చూడాలో తేల్చే యూనియన్ నియమం) మూడోసారి చదువుతుంటే తలుపు చప్పుడైంది. మిగతా ముగ్గురూ దుప్పట్లలోంచి నా వైపే చూశారు. గ్రీసు, ఇటలీ పరిస్థితి అప్పుడు తెలిసింది నాకు.

డబ్లిన్ నిబంధన చెప్పేదీ దాదాపు అదే. వచ్చినవారికి కుటుంబ సభ్యులో, వీసా ఇచ్చిన దేశమో యూనియన్‌లో ఉంటే ఆ దేశం బాధ్యత, అలాంటిది లేకపోతే మొదట అడుగుపెట్టిన దేశం బాధ్యత. షెంగెన్ ఒప్పందంతో దేశాల మధ్య తనిఖీలు ఎత్తేసి లోపలి గోడలు తీసేశారు, తలుపు తీసే పని మాత్రం తలుపు దగ్గర ఉన్నవారికే వదిలేశారు. ఆ భారం గ్రీసు మోయలేకపోయింది. గ్రీసు మీదుగా వచ్చిన ఒక అఫ్గాన్ వ్యక్తిని బెల్జియం ఈ నిబంధన పేరుతో తిప్పి పంపితే, ఏథెన్స్‌లో అతను నిర్బంధాన్ని, ఆ తర్వాత వీధి బతుకును చూడాల్సి వచ్చింది. 2011 జనవరిలో స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం గ్రీసుతో పాటు బెల్జియందీ తప్పేనంది. (స్ట్రాస్‌బర్గ్ కోర్టు యూనియన్ కాని వేరే సంస్థ, కౌన్సిల్ ఆఫ్ యూరప్‌ది, లక్సెంబర్గ్ కోర్టు యూనియన్‌ది. నేను మూడేళ్లు కలిపేసి రాశాను. మీలో కొందరు ఇప్పటికీ రాస్తున్నారు, మీ జవాబులు చూశాను.)

2015లో యూనియన్ దేశాల్లో శరణు కోరుతూ 12 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. గ్రీసు, ఇటలీల నుంచి 1,60,000 మందిని మిగతా దేశాలు పంచుకోవాలని నిర్ణయించారు. నిజంగా పంచుకున్నది 35,000 లోపే. హంగరీ, స్లొవాకియా కోర్టుకు వెళ్లి 2017లో ఓడాయి, అయినా ఆ 1,60,000 లెక్క పూర్తి కాలేదు. ఈలోగా 2016 మార్చిలో టర్కీతో ఒప్పందం చేసుకుని డబ్బిచ్చి తలుపు అవతలే కాపలా పెట్టారు. ఇటలీ 2023లో అల్బేనియాతో చేసుకున్న ఒప్పందానిదీ అదే దారి.

పరీక్షలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చిన పోలిక 2022ది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన పది రోజుల లోపే, 2001 నుంచి ఒక్కసారీ వాడకుండా మూలపడేసిన తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని బయటికి తీశారు. ఏ దేశంలో ఉండాలో వచ్చినవారే ఎంచుకోవచ్చు, పని చేసుకోవచ్చు. నలభై లక్షల మందికి పైగా అలా రక్షణ పొందారు. 2015లో వచ్చినవారికి మూడు రెట్లకు పైగా, అయినా యూనియన్ కూలిపోలేదు. అంటే "సంఖ్య ఎక్కువైంది" అన్న ఒక్క కారణంతో జవాబు నింపితే చాలదు. పంపకాన్ని ఒప్పుకోని పోలండే లక్షల మంది ఉక్రెయినియన్లకు చోటిచ్చింది. దానికి మతం, రంగు, రష్యా భయం, పక్క దేశమన్న దగ్గరితనం ఏ పాళ్లలో కారణమో మీరే వాదించండి. వాదించిన చోటే మార్కులు పడతాయి.

2024 మేలో ఆమోదించి, 2026 జూన్‌ను అమలు గడువుగా పెట్టుకున్న, వలసలు, శరణుపై యూనియన్ కొత్త ఒడంబడికను మా గది భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది: తలుపు తీసే పని ఇంకా తలుపు దగ్గరివారిదే. మిగతావారు లేచి సాయం చేయాలి, లేదా మనిషికి 20,000 యూరోల లెక్కన ఇవ్వాలి, లేదా సిబ్బందినో పరికరాలనో పంపాలి. ఏది చేయాలో వారి ఇష్టం, ఏదీ చేయకుండా ఉండటం మాత్రం కుదరదు. దీనికీ హంగరీ, పోలండ్ వ్యతిరేకంగా ఓటేశాయి. అంతకుముందే శరణు చట్టాలు పాటించనందుకు హంగరీకి లక్సెంబర్గ్ కోర్టు 2024 జూన్‌లో 20 కోట్ల యూరోలు, ఆపైన రోజుకు 10 లక్షల చొప్పున జరిమానా వేసింది. "అంతకుముందే" అన్నది తప్పు, ఒడంబడిక మేలో, జరిమానా జూన్‌లో. చూశారా, తేదీలు ఇప్పటికీ ఇలా జారిపోతాయి. గోడ మీద అంటించుకోండి.

క్రమశిక్షణ గురించి అడుగుతున్నారు. పదహారు గంటలు చదివానని అబద్ధం చెప్పను. తొమ్మిది గంటలు. కానీ రోజూ ఒక జవాబు రాసి, రాసిన ప్రతి వాక్యం కింద నేనే "ఎవరు?" అని పెన్సిల్‌తో రాసుకునేవాణ్ని. దాన్ని పద్నాలుగు నెలలు తప్పలేదు. మేనత్త కూతురి పెళ్లికి వెళ్లలేదని ఊళ్లో ఇప్పటికీ దెప్పుతున్నారు. వెళ్లి ఉంటే రెండు రోజులే పోయేవి, నిజమే. కానీ రెండు రోజులని మొదలుపెట్టినవాళ్లు రెండేళ్లు పోగొట్టుకోవడం ఈ వీధిలోనే చూశాను. పొద్దున టీ కొట్టు దగ్గర కటాఫ్ ఎంతో తేల్చే సభలకు వెళ్లేవాళ్లలో ఎందరు జాబితాలో ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి. కఠినంగా ఉందంటే ఉండనివ్వండి.

ఈసారి రెండో పేపరులో ఎన్ని వచ్చాయో మార్కుల పత్రం వచ్చాక చెబుతాను. ఇంటర్వ్యూలో వలసల గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అలంపురం గుడులు, జూరాల నీళ్లు అడిగారు.

ఎల్లుండి గది ఖాళీ చేస్తున్నాను. తలుపు దగ్గర మంచం ఎవరిదో నిన్న రాత్రి దాకా తేలలేదు. ముగ్గురూ డబ్బే ఇస్తామంటున్నారు.