మూడు వందల మిల్లీలీటర్ల గేరుబాక్సు

మా తిరుపతి షెడ్డులో గేరుబాక్సు దించాలంటే బండి కిందికి దూరతాం. జాకీ పెట్టి, వెల్లకిలా పడుకుని, బోల్టులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతాం. పడవలో ఆ కింద అనే చోటే లేదు. కింద ఉన్నది సముద్రం. గేరుబాక్సు ఇంజను వెనక, పడవ అడుగున, మెట్ల కింద ఎక్కడో నక్కి ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే పైనుంచి తలకిందులుగా దిగాలి. మస్కట్‌లో నేను చేసే పడవల రిపేరు పనిలో సగం ఈ దిగడమూ పైకి రావడమే.

నేను పని నేర్చుకున్నది రేణిగుంట రోడ్డులోని ఒక షెడ్డులో. మా మేస్త్రీ దగ్గరికి ఎక్కువగా వచ్చేవి తిరుమల కొండకు తిరిగే జీపులు, టాక్సీలు. 1944 నాటి పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. బండి ఎక్కడంలో దెబ్బతిన్నదా దిగడంలో దెబ్బతిన్నదా అన్నది గేరుబాక్సు మూత తీసి, నూనెలో వేలు ముంచి మేస్త్రీ చెప్పేవారు. పడవ అంటే అప్పట్లో నాకు తెలిసింది గోవిందరాజస్వామి పుష్కరిణిలో తెప్పోత్సవానికి తిరిగే తెప్ప ఒక్కటే. నేను ఒమన్ వెళ్లిన తర్వాత, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, పులికాట్ తీరం తిరుపతి జిల్లాలో కలిశాయి. కాస్త ఓపిక పట్టి ఉంటే సముద్రమే మన జిల్లాకు వచ్చేది కదా అని ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

పోయిన సెలవుకు వచ్చినప్పుడు షెడ్డులో కూర్చుంటే కొత్త కుర్రాళ్లు చుట్టూ మూగి అడిగింది ఒక్కటే, పడవ గేరుబాక్సు ఎలా ఉంటుందని. వాళ్లకు చెప్పిన పడవ సంగతే ఇది.

అది 1980లలో కట్టిన ఫైబరు తెరచాప పడవ. యజమాని యూరప్ నుంచి వచ్చిన పెద్దాయన. భార్యాభర్తలిద్దరూ అందులోనే కాపురం. ఇంజను రెండు సిలిండర్ల యాన్మార్, 2జీఎం20, పద్దెనిమిది గుర్రాల డీజిలు. దాని వెనక కాంజాకీ కంపెనీ కేఎం2పీ గేరుబాక్సు. ఇంజను 2.62 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగే రకం. పడవ రివర్సులో ఇరుక్కుపోయింది. ఇంజను స్టార్టు చేస్తే చాలు, వెనక్కే పోతుంది. రేవులోకి ఇంకో పడవ లాక్కొచ్చి కట్టేసింది.

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు గేరుబాక్సు మీద చెయ్యి వేయకముందే చూడవలసింది కేబులు. పైన లివరుకు, కింద గేరుబాక్సుకు మధ్య ఉండే ఈ కేబులు ఉప్పు గాలికి లోపల తుప్పు పట్టి బిగుసుకుంటుంది. గేరుబాక్సు వైపు పిన్ను తీసేసి, అక్కడి చిన్న లివరును చేత్తో కదిపితే కదిలిందా, పని అయిపోయినట్టే. కొత్త కేబులు వేసి ఇంటికి పోవచ్చు. గేరు ఇరుక్కుందని వచ్చే పడవల్లో ఇలా తేలిపోయేవి చాలా ఉంటాయి. ఇది అలా తేలలేదు. కేబులు బాగానే ఉంది. లివరు మాత్రం రాయిలా ఉంది.

ఆ రాత్రి మేస్త్రీకి వీడియో కాల్ చేశాను. మనకూ ఒమన్‌కూ గంటన్నర తేడా. అక్కడ ఎనిమిదైతే ఇక్కడ తొమ్మిదిన్నర, భోజనం చేసి మంచం మీద కూర్చుని ఉంటారు.

“క్లచ్చు ప్లేటు ఎక్కడుందిరా ఇందులో? పెడలు ఏదీ?” అన్నారు.

“పెడలు లేదు మేస్త్రీ. క్లచ్చు గేరుబాక్సు లోపలే ఉంటుంది.”

“లోపల నూనెలోనా? నూనెలో క్లచ్చు ఎలా పడుతుంది?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కాగితం మీద బొమ్మ గీసి కెమెరాకు చూపించవలసి వచ్చింది. ముందుకు పోయే గేరు ఒకటి, వెనక్కి పోయే గేరు ఒకటి, రెండూ ఇంజనుతోపాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. వాటి మధ్య, ప్రొపెల్లర్ వైపు బయటికి పోయే షాఫ్టు మీద, రెండు వైపులా ఏటవాలుగా ఉండే కోను ఒకటి. లివరు దాన్ని అటో ఇటో కొద్దిగా తోస్తుంది. ఏ గేరులోని గిన్నెలాంటి గుంటలోకి దూరితే ఆ గేరుతో కలిసి తిరుగుతుంది. కోను కూర్చున్న స్ప్లైన్లు, అంటే షాఫ్టు మీది గాళ్లు, నిలువుగా కాక మెలి తిరిగి ఉంటాయి కాబట్టి ఇంజను ఎంత బలంగా తిప్పితే కోను అంత లోపలికి బిగుస్తుంది. మనిషి తోసేది కొంచెం, మిగతాది ఇంజనే బిగించుకుంటుంది. నూనె ఉన్నా జారకపోవడానికి కారణం ఇదే.

మేస్త్రీ కాసేపు ఆ బొమ్మనే చూశారు. “ఒకదానిలో ఒకటి పెట్టిన స్టీలు గ్లాసులు ఇరుక్కున్నట్టు ఇరుక్కుంది. ఇంజను ఆపేసి గేరులో వదిలారా?” అని అడిగారు.

అదే జరిగింది. తెరచాపతో పోతున్నప్పుడు ఇంజను ఆపేస్తారు. కానీ పడవ కదులుతుంటే నీళ్ల ఒరవడికి ప్రొపెల్లర్ తనంతట తాను తిరుగుతూ, రాత్రంతా పడక కింద గిరగిరమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు భరించలేక చాలామంది రివర్సు వేసి షాఫ్టును ఆపేస్తారు. ఈ రకం గేరుబాక్సుకు అది పనికిరాదు, న్యూట్రల్‌లోనే వదలాలి. నీళ్లు షాఫ్టును తిప్పాలని చూస్తుంటే, ఆగిన ఇంజను తిరగనివ్వదు. ఆ లాగులాటలో కోను బిగుసుకుంటుంది. చాలాసార్లు ఇంజను స్టార్టు చేయగానే వదిలేస్తుంది. ఈ పడవలో ఏళ్ల తరబడి అలా చేసి చేసి, ఒక రోజు వదలలేదు.

సముద్రం మొహం చూడని మనిషి, పడవ ఎక్కని మనిషి, బొమ్మ చూసి రోగం చెప్పేశారు. అది తేలడానికి నిమిషాలు చాలు. విప్పడానికి మాత్రం మేస్త్రీ తిరుపతి నుంచి చేయగలిగింది లేదు.

షాఫ్టు కొసకు ఒకటి, గేరుబాక్సుకు ఒకటి ఫ్లాంజి, అంటే గుండ్రటి బిళ్ల, ఉంటుంది. ఆ రెంటినీ కలిపేవి నాలుగు బోల్టులు. షెడ్డులో అయితే గ్యాస్ మంట చూపించి విప్పేస్తాం. పడవలో పక్కనే డీజిలు ట్యాంకు, చుట్టూ ఫైబరు. మంట మాటే ఎత్తకూడదు. తుప్పు వదిలించే నూనె కొట్టి, బోల్టు తల మీద చిన్న సుత్తితో తట్టి, మర్నాడు మళ్లీ కొట్టి, ముందు బిగించే వైపు కాస్త తిప్పి ఆ తర్వాత విప్పే వైపు తిప్పి, అలా ఒక్కోదాన్ని బతిమాలుకోవాలి. ఫ్లాంజి విడిపోతే షాఫ్టుకు పట్టు ఉండదు. అది వెనక్కి జారి, చుక్కాని అడ్డుకోక పడవలోంచి బయటికి వెళ్లిపోతే ఆ రంధ్రంలోంచి సముద్రం లోపలికి వస్తుంది. పడవ నీళ్లలోనే ఉంది కాబట్టి, బోల్టు ముట్టుకోకముందే షాఫ్టుకు లోపలి వైపు గట్టి క్లాంపు ఒకటి బిగించాను. ఈ ఒక్క క్లాంపు మరిచిపోతే పడవే మునిగినా మునగవచ్చు. లారీ పనిలో ఇంత చిన్న వస్తువు మీద ఇంత భారం పడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఇంకో చిక్కు. గేరుబాక్సు ముందు షాఫ్టు ఇంజనులోని డ్యాంపరు ప్లేటు (ఇంజను కుదుపును తగ్గించే పళ్లెం) స్ప్లైన్లలోకి దూరి ఉంటుంది. బయటికి రావాలంటే బాక్సు వెనక్కి జరగాలి. వెనక ప్రొపెల్లర్ షాఫ్టు అడ్డం. దాన్ని వెనక్కి తోద్దామంటే కొంత దూరం పోయి ప్రొపెల్లర్ చుక్కానికి తగులుతుంది. దారి ఒక్కటే: షాఫ్టు చివరనున్న ఫ్లాంజిని ఊడదీసి, దాని మందమంత చోటు సంపాదించాలి. అది ఏళ్లుగా షాఫ్టుకు పట్టుకుపోయి ఉంది. పుల్లర్ పెట్టడానికి చెయ్యి పట్టదు.

పడవల వాళ్ల దగ్గర దీనికి ఒక కిటుకు ఉంది, నాకు భలే నచ్చింది. షాఫ్టు వ్యాసం కన్నా కొంచెం చిన్న బాక్సు స్పానరు సాకెట్‌ను షాఫ్టు కొసకు, గేరుబాక్సు ఫ్లాంజికి మధ్య నిలబెడతారు. పాత బోల్టుల బదులు పొడుగు బోల్టులు వేసి, నాలుగింటినీ ఎదురెదురుగా పావు చుట్టు చొప్పున బిగిస్తారు. బోల్టులు ఫ్లాంజిని ముందుకు లాగుతాయి, సాకెట్ షాఫ్టును వెనక్కి నెడుతుంది. తలకిందులుగా వేలాడుతూ, చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, పావు చుట్టు, పావు చుట్టు. చివరికి తుపాకి పేలినట్టు ఠప్‌మని శబ్దం వచ్చింది. పెద్దాయన పరుగెత్తుకొచ్చి ఏమి విరిగిందని అడిగారు. ఏమీ విరగలేదు, వదిలింది.

ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని చట్టం. మంచి చట్టమే. కానీ పడవ లోపల నీడ ఉంటుంది కదా, అందుకని అది ఎండ పని కిందికి రాదని మా సూపర్‌వైజరు లెక్క. ఆ నీడలోకి ఆయన దిగగా నేను చూడలేదు.

బయటికి తీసిన గేరుబాక్సును ఒంటిచేత్తో పట్టుకుని పైకి అందించవచ్చు. లోపల పట్టే నూనె మూడు వందల మిల్లీలీటర్లు, టీ షాపులో రెండు మూడు పెద్ద గ్లాసులంత. మూత విప్పితే కోను రివర్సు గేరు గిన్నెలో దిగి కూర్చుంది. చెక్క దిమ్మ ఆనించి తడితే ఊడి వచ్చింది. దాని ముఖం అద్దంలా నున్నగా మెరుస్తోంది. మెరుపు అక్కడ మంచిది కాదు. నున్నగా ఉంటే అటు జారనైనా జారుతుంది, ఇటు అతుక్కోనైనా అతుక్కుంటుంది. షెడ్డులో వాల్వులకు వాడే గ్రైండింగు పేస్టే తీసుకుని, కోనును గిన్నెలో పెట్టి అటూ ఇటూ తిప్పుతూ రుద్దాను, మెరుపు పోయి ముఖమంతా ఒకే బూడిద రంగు వచ్చేదాకా. ఆ పేస్టు ఒక్క రేణువు మిగిలినా బేరింగులు తినేస్తుంది కాబట్టి, రుద్దిన దానికన్నా కడిగిందే ఎక్కువ సేపు. కోను అరుగుదల కొలత హద్దులోనే ఉంది. కొత్త ఆయిల్ సీళ్లు, కొత్త బేరింగులు వేశాను. బెంచి మీద పని ఒక పూటలో అయిపోయింది.

బిల్లు చూసి పెద్దాయన నొచ్చుకున్నది ఇక్కడే. పూట పనికి ఇన్ని గంటలా అన్నారు. ఆయన కళ్లముందు జరిగింది ఆ పూట ఒక్కటే. ఆయన చూడని గంటలన్నీ మెట్ల కింద నా కాళ్లు మాత్రమే కనిపించిన గంటలు. ఆ డబ్బు నాకేమీ రాదు, అది కంపెనీ లెక్క. నా రెసిడెంటు కార్డు మీద ఇప్పటికీ క్లీనర్ అనే ఉంది, జీతమూ దానికి తగినట్టే. అయినా ఆయన ఆ మాట అన్నప్పుడు నాకే గుచ్చుకుంది.

బిగించడంలో అసలు పని సమం చేయడం. రెండు ఫ్లాంజిల ముఖాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడాలి. ఫ్లాంజి వ్యాసంలో ఒక్కో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు దాకా తేడా ఉండవచ్చన్నది ఈ పనిలో వాడుక లెక్క. నాలుగు అంగుళాల ఫ్లాంజి అయితే దాదాపు 0.1 మిల్లీమీటరు. పైన, కింద, కుడి, ఎడమ ఫీలర్ గేజి, అంటే సందు కొలిచే పలుచని రేకు, దూర్చి చూడటం, ఇంజను కూర్చునే కాలు, అదే మౌంటు, నట్టు రవ్వంత తిప్పడం, మళ్లీ చూడటం. ఒక మౌంటు కదిపితే మిగతా మూడు చోట్లా కొలత మారిపోతుంది. ఒడ్డు మీదికి ఎత్తిన పడవలో ఇది చేసి లాభం లేదు. నేల మీద పడవ ఒళ్లు ఒక తీరుగా ఉంటుంది, నీళ్లలో ఇంకో తీరుగా వంగుతుంది. నీళ్లలో ఉండగా చూసిన కొలతే కొలత.

ఇదంతా విని షెడ్డులో ఒక కుర్రాడు జీతం ఎంతని అడిగాడు. చెప్పాను. ఏజెంటు ఒకరు లక్షన్నర అడుగుతున్నాడట. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ, అంతకు మించి పైసా ఇవ్వవద్దన్నాను. వీసా మీద ఏ ఉద్యోగం రాశారో ఇక్కడ ఉండగానే చదివించుకో, అక్కడికి వచ్చాక మార్చడం కష్టం అని కూడా చెప్పాను. వాడు మొహమాటంగా తల ఊపాడు.

“పోయేవాడు ఎలాగూ పోతాడు. ముందు పని నేర్చుకుని పోనీ” అంటూ మేస్త్రీ ఫీలర్ గేజి తీసి వాడి చేతిలో పెట్టి, బయట ఆగి ఉన్న ట్రాక్టరు వాల్వుల గ్యాపు చూడమన్నారు. రేకుల మీద చెక్కిన అంకెలు మేస్త్రీకి ఇప్పుడు ఆనడం లేదు. వాడు ఒక్కో రేకూ వెలుతురుకు పట్టి పైకి చదువుతుంటే, ఆయన లోపలి నుంచే ఏది దూర్చాలో చెబుతున్నారు.